అవ్వ కట్టించిన రాఖీ

మొన్న రాఖీ పున్నమి నాడు మా ఇంటి పైభాగంలో కిరాయికి దిగిన ఆమె ముఖం చూసి తీరాల్సిందే. ఆమె మా ఇంటికి వచ్చి రెండు నెలలే అయింది. మనిషి మంచిదే కానీ ఎవరింట్లో ఎవరు ఎవరికి ఏమవుతారో తెలిస్తే గానీ ఆమెకు అన్నం అరగదు. ఆ పొద్దున హైదరాబాదు హాస్టల్ నుంచి మా పిల్ల వచ్చింది. రాఖీ నాడు బస్సులో నిలబడటానికి జాగా దొరకడమే పుణ్యం, చున్నీ నలిగి, జుట్టు రేగి, గేటు దగ్గరే చెప్పులు విసిరేసి "అత్తా, ఆకలైతాంది, ఏమన్న పెట్టు!" అని కేకేసింది. పైన బట్టలు ఆరేస్తున్న ఆమె ఆ "అత్తా" విని మెట్లు దిగి వచ్చేసింది. నన్నూ, పిల్లనూ, పెళ్ళీడుకొచ్చిన మా అబ్బాయినీ మార్చి మార్చి చూసి, లెక్క కుదిరిందన్నట్టు నవ్వి, "మేనకోడలా! అయితే మీకు కోడలు ఇంట్లనే ఉన్నదన్నట్టు" అంది. నేను జవాబు చెప్పేలోపే పిల్ల మా అబ్బాయికి బొట్టు పెట్టి, చేతికి రాఖీ కట్టి, నోట్లో మిఠాయి కుక్కేసింది. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, ఇదేందమ్మా! మేనబావకు రాఖీ కడ్తరా ఎవరన్న?" అంది. "వాడు దానికి అన్న" అన్నాను. "మరి నిన్ను అత్త అన్నది గద?" "అత్తనే అంటది." "అయితే కోడలా, బిడ్డనా?" "బిడ్డనే." ఆమె నన్ను బీపీ గోలీ మరిచిపోయిన మనిషిని చూసినట్టు చూసి పైకి వెళ్ళిపోయింది.

ఈ సంగతి బడిలో తోటి టీచర్లకు చెప్పాను, దవాఖానలో నర్సమ్మలకు చెప్పాను, పెళ్ళిళ్ళలో పక్క కుర్చీలో కూర్చున్న పాపానికి ముక్కూ ముఖం తెలియని వాళ్ళకు కూడా చెప్పాను. చెప్పీ చెప్పీ నోరు నొచ్చింది. ఒకసారి కుదురుగా రాసి పెడితే, ఇకమీదట అడిగినవాళ్ళ చేతిలో పెట్టి నా ఉల్లిగడ్డలు నేను కోసుకోవచ్చు కదా అనిపించింది. ముందే తేల్చి చెబుతున్నాను: ఈ పిల్ల మా ఆయన చెల్లెలి కూతురు. చట్టం ప్రకారం మా కూతురు. నన్ను పిలిచేది మాత్రం అత్తా అనే.

మాది భువనగిరి. ఖిల్లా గుట్ట కింద ఇల్లు. ఎండాకాలంలో ఆ బండ పగలంతా వేడిని తాగి రాత్రంతా మా మీదికి వదులుతుంది. మా ఆయనకు బజారులో స్టీలు సామాన్ల దుకాణం. నాకు పక్క ఊరి బడిలో టీచరు ఉద్యోగం. మాకు ఒక్కడే కొడుకు. వాడి తర్వాత నాకు మళ్ళీ కడుపు పండలేదు. ఇంటికి పెద్ద దిక్కు మా అత్తగారు. పిల్లలు పిలిచినట్టే మేమందరమూ ఆమెను అవ్వ అనే పిలిచేవాళ్ళం. ఆమెకు మా ఆయన కాక ఒక్కతే ఆడపిల్ల. అంటే నా ఆడబిడ్డ. నవ్వితే వీధి చివరిదాకా వినపడేది. పుట్టింటికి వచ్చిన రోజు నేను వండిన పప్పులో ఉప్పు తక్కువనేది, పోయే రోజు ఎక్కువనేది, మధ్యలో రోజులన్నీ గిన్నె నాకి తినేది. ఇద్దరమూ కలిసి యాదగిరిగుట్టకు పోతే నరసింహస్వామికి ఒక దండం, పులిహోర వరుసకు రెండు దండాలు. తీసుకున్నాక కొంగు నెత్తిన కప్పుకొని మళ్ళీ వరుసలో నిలబడేది. ఆమెను కృష్ణ ఒడ్డు దిక్కు ఆత్మకూరులో ఇచ్చారు. ఒక వానాకాలం జ్వరమొచ్చి, పెద్ద దవాఖానకు తీసుకుపోయేసరికే ఆలస్యమై, చంటిపిల్లను వదిలేసి పోయింది. కర్మలు అయ్యాక అవ్వ ఆ పిల్లను ఒళ్ళో పెట్టుకొని బస్సులో భువనగిరికి తెచ్చింది. చాలా రోజులు కింద దించలేదు. నేను ఎత్తుకుంటానన్నా ఇచ్చేది కాదు. పిల్ల తండ్రి ఏడాది తిరగకముందే మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. మేమెవరమూ తప్పు పట్టలేదు. ఇంట్లో పొయ్యి వెలగాలి కదా.

అవ్వకు బతుకు మీద మళ్ళీ ఆశ పుట్టించింది ఒక్కటే ఆలోచన. మనుమరాలిని మనుమడికి చేసుకోవాలి. మా దిక్కు మేనరికం కొత్తేమీ కాదు, అవ్వ కూడా మేనబావనే చేసుకుంది. పిల్లకు నడక రాకముందు నుంచే ఇంట్లో ఈ వేళాకోళం మొదలైంది. పిల్ల ఏడిస్తే "ఒరేయ్, నీ పెండ్లాం ఏడుస్తాంది, ఎత్తుకోరా" అనేది. వాడు బడి నుంచి రాగానే "నీ మొగడొచ్చిండే, నీళ్ళియ్యి" అనేది. వీధిలో ఆడవాళ్ళందరూ అందుకున్నారు. ఆ పిల్ల ఏమీ తెలియక చెంబుతో నీళ్ళు పట్టుకొని పరుగెత్తేది. వాడు చిన్నప్పుడు నవ్వేవాడు. మూతి మీద నూగు వచ్చేసరికి ఆ పిల్ల గదిలోకి వస్తే లేచి బయటికి పోవడం మొదలుపెట్టాడు. తనేం తప్పు చేసిందో తెలియక పిల్ల నా కొంగు పట్టుకొని "బావ నాతోటి ఎందుకు మాట్లాడుతలేడు అత్తా?" అని అడిగేది. నేను అవ్వకు రెండు మూడుసార్లు చెప్పి చూశాను. "పరాచికాలు గూడ ఆడొద్దా ఇంట్ల? టీచరమ్మవు నువ్వు, బడిల చెప్పుకో" అంది. ఊరుకున్నాను. రోజంతా బడిపిల్లలతో అరిచి వచ్చిన మనిషికి ఇంట్లో వాదించే ఓపిక ఉండదు.

తెలంగాణ వచ్చి, మా భువనగిరి కొత్త జిల్లా అయిన కొత్తలో, పిల్ల మూడో తరగతి అయిపోయిన ఎండాకాలంలో, దాని తండ్రి వచ్చాడు. ఆత్మకూరు మామిడిపండ్లు ఒక సంచెడు తెచ్చాడు. చాలాసేపు వానల గురించి, కాలువ గురించి మాట్లాడి, చివరికి గొంతు సవరించుకొని అసలు మాట చెప్పాడు. రెండో భార్యకు కవలలు పుట్టారట. ఆమె ఒక్కతే సాకలేకపోతోందట. "పిల్లను తోల్కపోత బావా. తొట్లె ఊపనీకె ఇంట్ల ఓ మనిషుంటే ఆమెకు జర ఆసరైతది" అన్నాడు. తొమ్మిదేళ్ళ పిల్ల! లెక్కల్లో బడికే ఫస్టు, రాత్రి నా పక్కన తప్ప నిద్రపోదు. మా ఆయన నెమ్మదిగా మాట్లాడాడు, అవ్వ శాపనార్థాలు పెట్టింది, నేను ఏడ్చాను. అవ్వ అల్లుడు చెడ్డవాడు కాదు. అతను కూడా అలసిపోయి ఉన్నాడు, కళ్ళ కింద నల్లగా ఉంది. చివరికి ఒక మాట అన్నాడు. "నా పిల్ల నీ ఇంట్ల ఊకె ఎన్నాళ్ళుంటది బావా? కాగితం మీద మీ పిల్లనే చేసుకుంటే నేను సంతకం పెడత, ఇంక అడగ. లేకుంటే దసరా సెలవులకు వచ్చి తోల్కపోత." మామిడిపండ్లు మా ఇంట్లో ఎవరమూ ముట్టలేదు.

వకీలు సాబును కలిశాం. మేనమామ, ఆయన భార్య దత్తత తీసుకోవచ్చు, కోర్టు ఒప్పుకోవాలి అన్నాడు. తండ్రి ఇష్టపడాలి, పిల్లను కూడా అడుగుతారు, ఆఫీసు నుంచి ఒకరు ఇంటికి వచ్చి చూసి రిపోర్టు రాస్తారు అన్నాడు. ఆ రాత్రి అవ్వకు చెప్పాం. ఆమె కంచం పక్కకు జరిపింది. "బిడ్డను చేసుకుంటే మరి నా మనుమనికి అది ఏమైతది?" అంది. చెల్లెలవుతుందన్నాను. ఆమె నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. "బిడ్డనైతే రేపు ఎవనికో ఇచ్చి పంపాలె. కోడలైతే సచ్చేదాక ఈ ఇంట్లనే ఉంటది. నా బిడ్డను ఒకసారి బయటికిచ్చి పోగొట్టుకున్న. దీన్ని గూడ పోగొట్టుకోమంటవా?" అంది. ఆమె లెక్క ఆమెది. కానీ నాకు ఆ పిల్ల కావాలి. కోడలిగా పదిహేనేళ్ళ తర్వాత కాదు, ఇప్పుడే, నా పక్కన పడుకొని కాలు నా మీద వేసే పిల్లగా కావాలి. ఆ మాట పైకే అన్నాను. అవ్వ లేచి చెయ్యి కడుక్కుంది.

ఇక ఆఫీసుల సంగతి. కొత్త జిల్లా ఏర్పడితే పేపర్లో పండగలాగే ఉంటుంది, తిరిగేవాడికి తెలుస్తుంది. నల్లగొండకు పోతే మీది ఇప్పుడు ఇక్కడ కాదు, భువనగిరికే పొమ్మన్నారు. భువనగిరికి వస్తే కిరాయి బంగళాలో మూడు ఆఫీసులు. ఏ తలుపు ఏ ఆఫీసుదో బోర్డులు ఇంకా రాయలేదు. ఒకచోట గంటసేపు నిలబడితే అది చేపల పెంపకం వాళ్ళదని తేలింది. అక్కడి గుమస్తా పాపం మంచివాడు, మా కథంతా విని, "చేపపిల్లలైతే నేనే ఇప్పిద్దును మేడం" అన్నాడు. నవ్వాను. తర్వాత ఆటోలో కూర్చొని ఏడ్చాను. సెలవులు అయిపోయాయి, జీతం కోత మొదలైంది, మా ఆయన దుకాణం మధ్యాహ్నం దాకా మూసే ఉండేది. చివరికి పిల్లల సంరక్షణ చూసే ఆఫీసు నుంచి ఒక మేడం ఇల్లు చూడటానికి వస్తోందని కబురు వచ్చింది. చిన్న వయసు, స్కూటీ మీద వచ్చింది, మాట మెత్తగా ఉంది. పిల్ల పడుకునే చోటు చూసింది, పుస్తకాలు చూసింది, మా ఆయనతో మాట్లాడింది. నేను చాయ్ పెట్టడానికి లోపలికి పోయాను. ఆ కాస్త సమయం చాలింది.

అవ్వ ఆమె పక్కన కూర్చుంది. ఈ ఇంట్లో పిల్లకు ఎంత గట్టి చోటు ఉందో ఆ మేడంకు చెప్పాలని అనుకుంది పాపం. పిల్లను దగ్గరికి లాక్కొని, తల నిమిరి, "దీనికేం ఫికర్ లేదు మేడం. ఇది నా మనుమనికి చేసుకునే పిల్ల. తొట్లె ఏసిన నాడే అనుకున్నం. ఊరందరికీ ఎరుకే" అంది. నేను చాయ్ పట్టుకొని వచ్చేసరికి మేడం కలం ఆగిపోయి ఉంది. మా అబ్బాయి గడప దగ్గర తల వంచుకొని నిలబడ్డాడు. "దత్తత పేరు మీద కోడల్ని తెచ్చుకుంటున్నరా మీరు?" అని మేడం మెల్లగా అడిగింది. తొమ్మిదేళ్ళ పిల్లకు ఇంట్లోనే పెళ్ళి మాట నడుస్తుంటే తాను రాయకుండా ఉండలేనంది. అవసరమైతే పిల్లను కొన్నాళ్ళు సర్కారు పిల్లల హోంలో ఉంచుతారంది. మేము ఎన్ని చెప్పినా తల ఊపింది కానీ నమ్మినట్టు కనపడలేదు. చాయ్ తాగలేదు. ఆమె పోయాక అవ్వ, "నేనేం తప్పు మాట్లాడిన? ఉన్నదే గద చెప్పిన!" అంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. అవ్వ నోరు మంచిదే, మనసూ మంచిదే. మా పని మాత్రం గోరుచుట్టు మీద రోకటిపోటు అయింది.

ఆమె మీద అరవాలని ఉంది. ఓపిక లేక అరవలేదు. మరునాడు కూర్చోబెట్టి, ఆమె అన్న మాట ఆఫీసులో ఎలా వినపడుతుందో విడమరిచి చెప్పాను. పరాచికాలు ఆగిపోయాయి. ఒక సాయంత్రం చాటలో బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా అడిగింది: "గా మేడం పిల్లను నిజంగనే తోల్కపోతదా?" "తోల్కపోవచ్చు అవ్వా." "మల్ల మనకు చూపిస్తరా?" "ఏమో అవ్వా, నాకు తెల్వదు." ఆమె ఇంకొంచెం సేపు రాళ్ళు ఏరింది. ఏరిన రాళ్ళనే మళ్ళీ బియ్యంలో వేసింది.

ఆ ఏడు రాఖీ పున్నమి నాడు మేమెవరమూ లేవకముందే అవ్వ తలస్నానం చేసింది. పెట్టెలోంచి తన పెద్ద అంచు చీర తీసి కట్టుకుంది. వీధిలోకి పోయి, ఇన్నేళ్ళుగా ఎవరి ముందు ఆ పరాచికాలు ఆడిందో ఆ ఆడవాళ్ళందరినీ పేరు పేరునా పిలుచుకొచ్చింది. మా వాకిలి నిండింది. మా అబ్బాయిని పీట మీద కూర్చోబెట్టింది. కొంగులోంచి రాఖీ తీసింది. పళ్ళెమంత స్పాంజి పువ్వు, దాని మీద మెరుపులు, పక్క బజారుకు కూడా కనపడేంత రాఖీ. దాన్ని పిల్ల చేతిలో పెట్టి, "మీ అన్నకు కట్టు బిడ్డా" అంది. మేనబావకు రాఖీ కడితే ఇక ఆ పెళ్ళి మాట ఎత్తేవాడు మా దిక్కు పుట్టలేదు. కోర్టు కొట్టేసినా పై కోర్టు ఉంటుంది, దీనికి పై కోర్టు లేదు. పిల్ల ఒక ముడి వేసి లేవబోయింది. అవ్వ దాని చెయ్యి పట్టుకొని ఆపింది. "మూడు ముళ్ళెయ్యి. గట్టిగ" అంది. ఎవరో ముసలామె "మూడు ముళ్ళేందే ముసల్దానా!" అని గొణిగింది. అవ్వ వినిపించుకోలేదు. మూడో ముడి పడ్డాక, "అందరు చూసిండ్రు గద? రేపు ఎవ్వరన్న వచ్చి అడిగితే ఇదే చెప్పుండ్రి" అని, లోపలికి పోయి దేవుని అర్ర తలుపు వేసుకుంది. మా అబ్బాయి మాత్రం ఆ పూట నుంచి మనిషే మారిపోయాడు. చెయ్యి పైకెత్తి వీధంతా తిరిగాడు. స్నానం చేసినా దాన్ని విప్పేవాడు కాదు. స్పాంజి రంగు కారి, పువ్వు ఊడి, దారం మిగిలేదాకా ఉంచుకున్నాడు. ఆ సాయంత్రమే పిల్లకు సైకిల్ నేర్పడం మొదలుపెట్టాడు.

మేడంను మళ్ళీ పిలిపించమని మా ఆయన వెంటపడింది కూడా అవ్వే. ఆమె వచ్చింది. అవ్వ ఏమీ మాట్లాడకుండా మనుమడి చెయ్యి పట్టుకొచ్చి ఆమె ముందు చాపింది. మేడం ఆ రాఖీనీ, ఆ ముళ్ళనూ చాలాసేపు చూసింది. "నేను గూడ ఈ దిక్కుదాన్నే అవ్వా. అర్థమైంది" అంది. వీధిలో నలుగురినీ అడిగి, మళ్ళీ రిపోర్టు రాసింది. ఈసారి చాయ్ తాగింది.

బతుకమ్మ ఇంకా మొదలు కాలేదు, కోర్టు పిలిచింది. అల్లుడు ఆత్మకూరు నుంచి ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు, ఇష్టమేనన్నాడు, పిల్ల వైపు చూడకుండా నేల చూస్తూ నిలబడ్డాడు. జడ్జి మమ్మల్ని తన గదిలోకి పిలిచాడు. పెద్ద మనిషి, కళ్ళద్దాలు ముక్కు మీదికి జారాయి. అవ్వకు నిలబడే ఓపిక లేదని తలుపు దగ్గర కుర్చీ వేయించాడు. పిల్లను దగ్గరికి పిలిచి, "ఇగ మీ మామనే నీకు నాయిన, మీ అత్తనే నీకు అమ్మ. నీకు ఇష్టమేనా తల్లీ?" అని అడిగాడు. పిల్ల మామను చూసింది, నన్ను చూసింది. వేళ్ళు ముడిచి ఏదో లెక్క వేసుకుంది. "మామ నాయినైతే, అత్త అమ్మైతే, మరి మా అమ్మ నాకేమైతది?" అని అడిగింది. టైపు కొట్టే అతను ఆగిపోయాడు. వకీలు సాబు ఏదో చెప్పబోతే జడ్జి చెయ్యెత్తి ఆపాడు. ఇక్కడ దాకా వచ్చి ఈ పిల్ల వద్దంటే, మళ్ళీ ఆత్మకూరే. ఆ క్షణంలో నేను మొక్కని దేవుడు లేడు.

తలుపు దగ్గర నుంచి అవ్వ లేచింది. వరసలు చెప్పడంలో ఆమెను మించినవాళ్ళు మా చుట్టాల్లో లేరు; ఎంత దూరపు చుట్టరికమైనా తడుముకోకుండా చెప్పేది. అదే గొంతుతో, వణకకుండా, "మేనత్త అయితది బిడ్డా" అంది. "నాయిన చెల్లెలు గద. మేనత్త అయితది. ఇష్టమే అని చెప్పు."

పిల్ల అవ్వను చూసింది. మళ్ళీ జడ్జి వైపు తిరిగింది. "ఇష్టమే. కానీ నేను అమ్మనే అమ్మ అంట. అత్తను అత్తనే అంట" అంది. జడ్జి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఏమని పిలుస్తవో చట్టం అడగదు తల్లీ. నీ ఇష్టం" అన్నాడు. సంతకాలయ్యాయి. పిల్ల మాదయింది.

బయటికి వచ్చాక అందరూ నవ్వుతున్నారు. మా ఆయన మిఠాయి కోసం పోయాడు, మా అబ్బాయి పిల్లను భుజం మీద ఎక్కించుకున్నాడు. అవ్వ కనపడలేదు. వెతికితే కోర్టు వెనక మెట్ల మీద కొంగు నోట్లో కుక్కుకొని కూర్చొని ఉంది. పక్కన కూర్చున్నాను. "ఇయ్యాల మల్ల సచ్చిపోయిందే నా బిడ్డ" అంది. "ఈసారి నేనే సంపుకున్న." నేను ఆమెను పట్టుకొని ఏడ్చాను. ఆమె నన్ను పట్టుకొని ఏడ్చింది. ఇరవై ఏళ్ళు ఒకే పొయ్యి దగ్గర వండుకున్నాం, అంత దగ్గరగా ఎప్పుడూ కూర్చోలేదు.

ఆ తర్వాత అవ్వ మూడేళ్ళు బతికింది. ఒక్కసారి కూడా పిల్లను "నా బిడ్డ బిడ్డ" అనలేదు, కోడలా అనలేదు. "నా కొడుకు బిడ్డ" అనే నలుగురికీ చెప్పుకుంది. పిల్ల నన్ను అమ్మా అంటే బాగుండునని నాకు ఎన్నోసార్లు అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది, లేదంటే అబద్ధం. కానీ ఆ మాట అడగడానికి నాకు నోరు రాదు. దాని కోసం జడ్జి గదిలో నాకన్నా ఎక్కువ ఇచ్చుకున్న మనిషి ఒకరున్నారు. కాలమే అన్నీ మారుస్తుందంటారు. మా ఇంట్లో మార్చింది అవ్వ. కాలం వచ్చి ఆమెను తీసుకుపోయింది, అంతే.